డేటా బంధనము – పదిమంది పరీక్ష

ఒకే విషయము రెండు చోట్ల వ్రాయబడి ఉన్నపుడు ఆ రెండును ఎల్లప్పుడు ఏకీభవించునట్లు చూచుట సులభమైన పని కాదు. పాఠశాలలో విద్యార్థి మార్కులు ఉపాధ్యాయుని రిజిస్టరులో ఉండును. అవే మార్కులు ప్రోగ్రెసు కార్డులో కూడ ఉండును. జవాబు పత్రమును మరల చూచి, గణితములో 45ను 50గా రిజిస్టరులో దిద్దిన ఉపాధ్యాయుడు కార్డులో దిద్దుట మరచినచో, ఒకే విద్యార్థికి ఒకే పరీక్షలో రెండు రకముల మార్కులు వచ్చినట్లగును. వానిలో ఏది సరియైనదో పిదప చూచువారికి తెలియదు. సామాన్యమైన తప్పుకంటె ఇది చిక్కైనది. ఏలయనగా రిజిస్టరును విడిగా చూచినను, కార్డును విడిగా చూచినను దోషము కనబడదు. రెండింటిని ప్రక్కప్రక్కన పెట్టినపుడే అది బయటపడును.

వెబ్ పుటలలో ఈ చిక్కు నిత్యము ఎదురగుచుండును. తెరపై కనబడు పుట ఒకటి. దాని వెనుక కంప్యూటరు జ్ఞాపకములో ఉన్న విలువలు మరియొకటి. ఈ రెండును ఒకదానితో ఒకటి సరిపోవునట్లు చూచు ఏర్పాటునకు డేటా బైండింగు అని పేరు. తెలుగులో దీనిని డేటా బంధనము అనవచ్చును. ఇట్టి బంధనమును కల్పించు సాధనములు గత పదునైదు సంవత్సరములకు పైగా అనేకము వచ్చినవి. వానిని తయారుచేసినవారు తమ పని పూర్తి కాకమునుపే దానిని పదిమంది పరీక్షకు పెట్టుట ఆచారమైనది. బంధనము పనిచేయు విధమును తెలిసికొన్నచో ఈ ఆచారము ఏల అవసరమైనదో తేటపడును.

పుటయును, దాని వెనుక విలువలును

వెబ్ పుట బ్రౌజరునకు చేరునపుడు కేవలము అక్షరముల వరుసగా చేరును. బ్రౌజరు దానిని చదివి, చెట్టు వంటి నిర్మాణముగా జ్ఞాపకములో పేర్చుకొనును. పట్టికలు, పేరాలు, ఫారములు ఆ చెట్టు కొమ్మలు. ఒక్కొక్క గడి ఒక్కొక్క ఆకు. ఈ చెట్టును డామ్ అందురు. తెరపై కనబడునది దీని చిత్రమే.

పుటకు చలనము కలిగించు జావాస్క్రిప్టు భాష 1995లో పుట్టినది. ఆ భాషలో ప్రోగ్రాము వ్రాయువాడు తన విలువలను ఈ చెట్టునకు వేరుగా ఉంచుకొనును. విద్యార్థి పేరు, ఆరు సబ్జెక్టుల మార్కులు, వాని మొత్తము, శాతము – ఇవి అట్టి విలువలు. తెరపైనున్న గణితపు గడికిని, జ్ఞాపకములోనున్న గణితపు మార్కునకును సంబంధమున్నదని బ్రౌజరునకు తనంతట తెలియదు. గడిలో అంకె మారినపుడు దానిని విలువలోనికి మార్చుటకును, విలువ మారినపుడు దానిని గడిలోనికి ఎక్కించుటకును ప్రోగ్రామరే ఆజ్ఞలు వ్రాయవలెను.

ఒక తరగతిలో 40 మంది విద్యార్థులు, ఆరు సబ్జెక్టులు ఉన్నవనుకొన్నచో 240 గడులు ఏర్పడును. రెండు దిక్కులకును లెక్కించిన 480 బదిలీలు. ఇవి కాక ప్రతి విద్యార్థికి మొత్తము, శాతము అను రెండు గడులు ఉండును. వీనిలో ఏ ఒక్క బదిలీ తప్పిపోయినను పుట ఆగదు. ఎర్రని హెచ్చరిక కనబడదు. తెరపై ఒక అంకె, జ్ఞాపకములో వేరొక అంకె నిలిచి యుండును. భద్రపరచినపుడు సర్వరునకు పోవునది జ్ఞాపకములోని అంకె. చూచువాడు నమ్మునది తెరపైని అంకె.

బంధన సాధనము ఈ భారమును తన మీద వేసికొనును. “ఈ గడియు, ఈ గణితపు మార్కును ఒకటే” అని ప్రోగ్రామరు ఒక్కసారి చెప్పినచో చాలును. విలువ నుండి తెరకు మాత్రమే బదిలీ జరిగినచో అది ఏకముఖ బంధనము. తెర నుండి విలువకు కూడ జరిగినచో అది ద్విముఖ బంధనము. మొత్తము చూపు గడికి ఏకముఖ బంధనము సరిపోవును. మార్కులు వ్రాయు గడికి ద్విముఖ బంధనము కావలెను.

మార్పును కనిపెట్టుట ఎట్లు?

గడిలో మార్పును కనిపెట్టుట సులభము. ఎవరైన గడిలో టైపు చేసినపుడు బ్రౌజరే ఆ సంగతిని చాటును. సాధనము ఆ చాటింపును విని విలువను మార్చును. కష్టమంతయు రెండవ దిక్కున కలదు. జావాస్క్రిప్టులో ఒక విలువను మార్చినపుడు సాధారణముగా ఎట్టి చాటింపును ఉండదు. గోడమీది అంకెను ఎవరో చెరిపి మరియొకటి వ్రాసి పోయినట్లు ఆ పని నిశ్శబ్దముగా జరిగిపోవును. ఈ నిశ్శబ్దమును జయించుటకు మూడు మార్గములు ప్రధానముగా వాడుకలోనికి వచ్చినవి.

మొదటి మార్గము గుమాస్తా మార్గము. విలువను ఎవరును స్వయముగా ముట్టకూడదు. గుమాస్తా వంటి ఒక ఫంక్షనుకు చెప్పి మార్పించవలెను. ఆ గుమాస్తా విలువను మార్చి, తెరకు కూడ కబురు పంపును. 2010లో స్టీవ్ శాండర్సన్ వెలువరించిన నాకౌట్ అను సాధనము ఈ పద్ధతిని అనుసరించినది. ఇందు లాభము స్పష్టత. నష్టమేమనగా, ఒక్కరు మరచి నేరుగా విలువను మార్చినను బంధనము తెగును.

రెండవది తనిఖీ మార్గము. సాధనము ప్రతి విలువకును పాత నకలు ఒకటి దాచుకొని, ఏదైన సంఘటన జరిగినపుడెల్ల పాతదానిని క్రొత్తదానితో పోల్చి చూచును. భేదమున్నచో తెరను దిద్దును. గూగుల్ సంస్థ పోషించిన ఆంగ్యులర్‌జేయస్ ఈ పద్ధతిని వాడెను. ప్రోగ్రామరునకు ఇది మిక్కిలి సుఖము. విలువను ఎట్లు మార్చినను సరే. కాని 240 గడుల పుటలో ఒక్క మీట నొక్కినను 240 పోలికలు జరుగవలెను. అంతేకాదు, ఒక విలువ మారుటవలన మరియొకటి మారినచో తనిఖీ మరల మొదలగును. ఇది అంతులేకుండ సాగిపోకుండుటకై ఆంగ్యులర్‌జేయస్ పది విడతలకు హద్దు పెట్టెను. పది విడతలలో విలువలు నిలకడకు రానిచో అది పని ఆపి, దోషమున్నదని తెలుపును.

మూడవది కావలివాని మార్గము. విలువ ఉన్న గది తలుపువద్ద ఒక కావలివానిని నిలుపుదురు. లోనికి పోవునదియు, బయటికి వచ్చునదియు అతని కంటబడును. ఇవాన్ యూ 2014లో వెలువరించిన వ్యూ అను సాధనము ఈ విధానమును చేపట్టినది. దాని రెండవ తరములో ఒక లోటు ఉండెను. ముందే ఉన్న తలుపులకు కావలి ఉన్నది గాని, పిదప క్రొత్తగా తెరచిన తలుపునకు కావలి లేదు. అందుచేత ఒక విద్యార్థి వివరములకు క్రొత్తగా ఒక సబ్జెక్టును చేర్చినచో తెర కదలకుండెను. 2015 నాటి జావాస్క్రిప్టు ప్రమాణములో ప్రాక్సీ అను ఏర్పాటు చేరినది. అది ఒక్కొక్క తలుపునకు గాక ప్రాకారమంతటికి కావలి. వ్యూ మూడవ తరము దానిని ఆధారముగా చేసికొని ఆ లోటును తీర్చుకొన్నది.

ఈ మూడింటిలో ఏది ఉత్తమమైనదని కేవలము తర్కముచే తేల్చుటకు వీలులేదు. జనులు ఎట్టి పుటలను నిర్మింతురో, ఎన్ని గడులు పెట్టుదురో, ఏ తప్పులు తరచుగా చేయుదురో తెలిసినపుడే అది తేలును. ఆ తెలివి ఒక్క నిర్మాతవద్ద ఉండదు.

పేర్లు పట్టాలవంటివి

2006లో జాన్ రెసిగ్ జేక్వెరీ అను సాధనమును లోకమునకిచ్చెను. వేర్వేరు బ్రౌజర్లు వేర్వేరుగా ప్రవర్తించుచున్న ఆ రోజులలో, ఒకే విధముగా పుటలను నడిపించు సౌకర్యము దానివలన కలిగినది. జేక్వెరీకి ఇతరులు తగిలించుకొను చిన్న అనుబంధములను ప్లగిన్‌లు అందురు. ఎవరైనను ప్లగిన్ వ్రాయవచ్చును.

ప్లగిన్ వ్రాసినవాడు అందులోని ఆజ్ఞలకు పేర్లు పెట్టును. ఏ ఆజ్ఞకు ఏ వివరములు ఏ వరుసలో ఇవ్వవలెనో నిర్ణయించును. దానిని వాడుకొను ప్రతివాడును ఆ పేర్లను, ఆ వరుసను తన పుటలలో వ్రాసికొనును. ప్లగిన్ లోపలి భాగమును నిర్మాత ఎప్పుడైన బాగుచేయవచ్చును. అది ఎవరికిని తెలియదు. బయటికి కనబడు పేరును మార్చినచో మాత్రము దానిని నమ్ముకొన్న పుటలన్నియు ఆగిపోవును.

రైలు పట్టాల మధ్యనుండు దూరముతో దీనిని పోల్చవచ్చును. భారతదేశములో 1676 మిల్లీమీటర్ల బ్రాడ్‌గేజి, 1000 మిల్లీమీటర్ల మీటరుగేజి ప్రక్కప్రక్కనే పెరిగినవి. ఇంజనును మార్చుట ఒక వర్క్‌షాపు పని. పట్టాల దూరమును మార్చవలెనన్నచో పట్టాలతోపాటు వంతెనలు, ప్లాట్‌ఫారములు, పెట్టెలు అన్నియు సవరింపబడవలెను. 1992లో ప్రారంభమైన గేజి మార్పిడి కార్యక్రమమునకు దశాబ్దములు పట్టుటయే దీనికి తార్కాణము. ఒక్కసారి పదిమంది వాడుకలోనికి పోయిన పొరపాటు పొరపాటుగా మిగులదు, ఆచారమగును. కావున బంధన సాధనములో పేర్లు స్థిరపడక పూర్వమే ఇతరుల అభిప్రాయమును కోరవలెను.

2010 నాటి ప్రతిపాదన

ఈ పద్ధతికి ఒక మంచి ఉదాహరణము 2010లో జరిగినది. ఆ సంవత్సరము మార్చిలో మైక్రోసాఫ్ట్ సంస్థ జేక్వెరీ అభివృద్ధికి తన ప్రోగ్రామర్లచేత పని చేయింతునని ప్రకటించెను. పెద్ద సంస్థ అయినను అది తన ప్రోగ్రామును నేరుగా జేక్వెరీలో చేర్చలేదు. ఇతర ప్రోగ్రామర్లవలెనే, తాను చేయదలచినదానిని ప్రతిపాదనగా వ్రాసి అందరి పరిశీలనకు పెట్టెను. మొదట టెంప్లేట్‌లు, అనగా విలువలను పుటలో పొందికగా అమర్చు అచ్చులు, ప్రతిపాదింపబడినవి. తరువాత డేటా లింకింగు, అనగా ఫారమును జావాస్క్రిప్టు విలువలతో ముడివేయు ప్లగిన్, ప్రతిపాదింపబడినది.

డేటా లింకింగు ప్లగిన్ పని ద్విముఖ బంధనమే. ఫారములోని గడి పేరును బట్టి అదే పేరుగల విలువతో అది ముడిపడును. పేర్లు వేరైనపుడు ఏ గడి ఏ విలువకు చెందునో వేరుగా చెప్పవచ్చును. గడిలోని అక్షరములను సంఖ్యగా మార్చుట వంటి పనులకు మార్పిడి ఫంక్షను ఇచ్చుకొను వీలు కూడ కలదు.

ప్రతిపాదనతోపాటు పరీక్షించి చూచుటకు తగిన ప్రయోగాత్మక ప్రోగ్రాము కూడ ఇయ్యబడెను. ఇది గమనింపదగిన అంశము. కాగితముమీది ప్రణాళికను చూచి “బాగున్నది” అనుట తేలిక. దానిని తన సొంత పుటకు తగిలించినపుడే ఎక్కడ అతుకునో, ఎక్కడ ఊడునో తెలియును. 2010 అక్టోబరులో జేక్వెరీ జట్టువారు టెంప్లేట్‌లు, డేటా లింకు, గ్లోబలైజేషను అను మూడు ప్లగిన్‌లను అధికారిక ప్లగిన్‌లుగా అంగీకరించిరి.

కథ అక్కడితో ముగియలేదు. టెంప్లేట్‌ల ప్లగిన్‌ను ప్రయోగదశ దాటి ముందుకు తీసికొని పోరాదని 2011లో జేక్వెరీ జట్టువారు నిశ్చయించిరి. దాని నిర్మాణములో పాల్గొన్న బోరిస్ మూర్ ఆ అనుభవముతో జేయస్‌రెండర్, జేయస్‌వ్యూస్ అను వేరు సాధనములను చేపట్టెను. డేటా లింకు చేయదలచిన పనిని జేయస్‌వ్యూస్ మరింత విస్తారముగా చేసినది. సంఖ్యలను, తేదీలను ఆయా భాషల పద్ధతిలో చూపు మూడవ ప్లగిన్ గ్లోబలైజ్ అను పేరుతో స్వతంత్ర సాధనముగా ఎదిగినది. అంగీకారము లభించుట పరీక్షకు అంతము కాదని దీనివలన తెలియుచున్నది. అసలు పరీక్ష వాడుకలో ఉన్నది.

పరీక్షించువారి కంటబడు లోపములు

బంధన సాధనమును ఇతరులు పరీక్షించునపుడు ఎట్టి లోపములు బయటపడునో కొన్ని ఉదాహరణములచే గ్రహింపవచ్చును.

గడిలో వ్రాసినది అంకెవలె కనబడినను బ్రౌజరు దానిని అక్షరముల వరుసగానే అందించును. గడిలోని 45కు 5 మార్కులు కలుపుమని జావాస్క్రిప్టునకు చెప్పినచో, అది 50 అనదు. అక్షరముల ప్రక్కన అక్షరమును చేర్చి 455 అనును. అట్లే అక్షరములుగా పోల్చినపుడు 9 అనునది 10 కంటె పెద్దదగును. ఏలయనగా మొదటి అక్షరమైన 9, మొదటి అక్షరమైన 1 కంటె పెద్దది. నిర్మాత పేర్లు, చిరునామాలు గల ఫారముతో పరీక్షించుకొని యున్నచో ఈ లోపము అతనికి కనబడదు. లెక్కల ఫారము గలవానికి మొదటి నిమిషములోనే కనబడును.

ద్విముఖ బంధనములో వలయములు ఏర్పడుట మరియొక చిక్కు. 600కు వచ్చిన మార్కులు ఒక గడిలో, శాతము మరియొక గడిలో ఉండి, ఏది మార్చినను రెండవది మారునట్లు ముడివేయబడినవనుకొనుడు. ఒకరు 400 అని వ్రాసిరి. శాతము రెండు దశాంశ స్థానములకు సవరింపబడి 66.67 అయినది. శాతము మారినది గనుక మార్కులు మరల లెక్కింపబడి 400.02 అయినవి! వ్రాసినవాని కంటియెదుటనే అతడు వ్రాసిన అంకె మారిపోయినది. ఇక్కడ ప్రోగ్రాములో తప్పు లెక్క ఒక్కటియు లేదు. రెండు ముడుల కలయికయే దోషము.

ఏ క్షణమున బదిలీ చేయవలెనను ప్రశ్న కూడ చిన్నది కాదు. బ్రౌజరు చాటింపులలో ఒకటి మీట నొక్కినపుడెల్ల వచ్చును. మరియొకటి గడిని విడిచి పోవునపుడు వచ్చును. 35కు తక్కువైనచో ఎరుపు చూపవలెనను నియమమున్న పుటలో మొదటి విధానమును వాడినచో, 45 అని వ్రాయబోవువాడు 4 నొక్కగానే ఎరుపు వెలుగును. రెండవ విధానమును వాడినచో గడిని విడుచువరకు మొత్తము కదలదు. ఎవరికి ఏది కావలెనో అడిగి తెలిసికొనవలసినదే.

భద్రతకు సంబంధించిన లోపము అన్నిటికంటె ప్రమాదకరమైనది. పేరు గడిలో ఎవరైన పేరుకు బదులు పుటను నడిపించు ఆజ్ఞలను వ్రాసిరనుకొనుడు. సాధనము దానిని కేవలము అక్షరములుగా చూపినచో హాని లేదు. పుటలోని భాగముగా అతికించినచో, ఆ పుటను తెరచిన ఇతరుల బ్రౌజర్లలో ఆ ఆజ్ఞలు అమలు జరుగవచ్చును. మేలు తలచువాడు కట్టిన సాధనమును కీడు తలచువాని కంటితో చూడగలవారు పరీక్షకులలో ఉండవలెను.

తెలుగు వాడువాడే చెప్పగలది

భాషనుబట్టి కూడ కొన్ని లోపములు బయటపడును. తెలుగు అను మాటలో చదువరికి మూడు అక్షరములు కనబడును. జావాస్క్రిప్టు పొడవు లెక్కించినపుడు ఆరు అని చెప్పును. త, ల, గ లకును, వానికి చేరిన గుణింతపు గుర్తులకును వేర్వేరు సంకేతములు ఉండుటయే కారణము. శ్రీ అను ఒక్క అక్షరమునకు పొడవు నాలుగు – శకారము, పొల్లు, రకారము, దీర్ఘపు గుర్తు. పేరు పది అక్షరములకు మించరాదని హద్దు పెట్టిన బంధన సాధనము ఆంగ్లములో చక్కగా పనిచేసి, తెలుగు పేరును సగములో నరికివేయును. నరికిన చోట పొల్లు మిగిలినచో పేరే మారిపోవును.

తెలుగు అంకెలకు కూడ ఇదే గతి. గడిలో ౫౦ అని వ్రాసి సంఖ్యగా మార్చుమన్నచో జావాస్క్రిప్టు అది సంఖ్య కాదని తేల్చును. ఇట్టి సంగతులు ఎంత ప్రజ్ఞావంతుడైనను తెలుగు ఎరుగని నిర్మాతకు తోచవు. తెలుగులో ఫారము నింపి చూచినవాడు ఒక్కడు వ్రాసి పంపినచో, హిందీ, తమిళము, బెంగాలీ వాడువారికి కూడ మేలు కలుగును.

వెనుకకు తీసికొన్న ప్రతిపాదన

పదిమంది పరీక్ష ఎల్లప్పుడు ప్రతిపాదనను నిలబెట్టదు; దానిని విరమింపచేయుట కూడ కలదు. విలువల మార్పును కనిపెట్టు భారమును ప్లగిన్‌లకు విడువక, జావాస్క్రిప్టు భాషయే వహింపవలెనను ఆలోచన 2012 ప్రాంతమున బలపడెను. ఆ భాషా ప్రమాణమును నిర్ణయించు సంఘమునకు టీసీ39 అని పేరు. దాని ఎదుట ఆబ్జెక్ట్.అబ్జర్వ్ అను ప్రతిపాదన పెట్టబడెను. దీని ప్రకారము ఏ విలువ మారినను భాషయే చాటింపు వేయును. 2014లో క్రోమ్ బ్రౌజరు 36వ సంచికలో ఇది వాడుటకు వీలుగా చేర్చబడెను.

అయితే ఆ లోగా పరిస్థితి మారినది. ఫేస్‌బుక్ సంస్థ 2013లో వెలువరించిన రియాక్ట్ అను సాధనము ఏకముఖ ప్రవాహమునే నమ్ముకొని విస్తరించెను. ఆబ్జెక్ట్.అబ్జర్వ్‌ను ఆధారము చేసికొందురని తలచిన సాధనములు వేరు మార్గములు పట్టినవి. 2015 నవంబరులో దానిని ప్రతిపాదించినవారే వెనుకకు తీసికొనిరి. తరువాత అది క్రోమ్ నుండి తొలగింపబడెను. ఇది అపజయమువలె తోచును. కాని భాషా ప్రమాణములో ఒకసారి చేరిన అంశమును తొలగించుట దుస్సాధ్యము. అది స్థిరపడక పూర్వమే విరమించుటవలన ప్రతి బ్రౌజరును ఎల్లకాలము మోయవలసిన బరువు తప్పినది.

సవరింపబడిన ప్రతిపాదన

2019 జూన్‌లో వ్యూ నిర్మాతలు మూడవ తరమునకై ఫంక్షన్లపై ఆధారపడిన క్రొత్త రచనా విధానమును ప్రతిపాదించి, అభిప్రాయములు కోరిరి. తీవ్రమైన నిరసన వచ్చెను. తాము నేర్చిన పాత విధానము క్రమముగా తొలగిపోవునేమో, వ్రాసిన పుటలన్నియు తిరిగి వ్రాయవలసి వచ్చునేమో అని అనేకులు భయపడిరి. నిర్మాతలు ప్రతిపాదనను మార్చి, క్రొత్త విధానము పాతదానికి అదనము మాత్రమే అని, పాతది యథాతథముగా ఉండునని స్పష్టము చేసిరి. దానికి కంపోజిషన్ ఏపీఐ అని పేరు పెట్టిరి. 2020 సెప్టెంబరులో వెలువడిన మూడవ తరములో రెండు విధానములును కలవు.

ఇందు విశేషము ఒకటి కలదు. నిరసన తెలిపినవారు బంధనపు యంత్రాంగములో దోషము చూపలేదు. వారు చూపినది యంత్రాంగము బయట ఉన్న సంగతి – నేర్చుకొన్నవారి శ్రమ, వ్రాసిపెట్టిన పుటల భవిష్యత్తు. సాధనము నిర్మించువారికి ఇది కూడ తెలియదగినదే. మరియు నిరసన ఉన్నంతమాత్రమున ఆలోచనయే చెడ్డది కానవసరము లేదు. క్రొత్త విధానము నిలిచినది. దానిని ప్రవేశపెట్టు తీరు మారినది.

మంచి అభిప్రాయము ఎట్లుండవలెను?

“ఈ ప్లగిన్ చాల బాగున్నది” అను మాట నిర్మాతకు ఉత్సాహమునిచ్చును గాని పని నేర్పదు. “ఇది పనిచేయుట లేదు” అను మాట ఆ ఉత్సాహమును కూడ ఇయ్యదు. ఉపయోగపడు అభిప్రాయమునకు నాలుగు అంగములు ఉండును. ఏమి చేయబడినది, ఏమి జరుగునని ఎదురుచూడబడినది, వాస్తవముగా ఏమి జరిగినది, ఏ సంచికతో, ఏ బ్రౌజరులో జరిగినది. వీనితోపాటు లోపమును చూపు మిక్కిలి చిన్న పుటను జతచేయవలెను. 240 గడుల పుటను పంపినచో లోపమును వెదకుటకే రోజులు పట్టును. రెండు గడులలోనే అదే లోపమును చూపగలిగినచో కారణము దాదాపు దొరికినట్లే. విజ్ఞాన ప్రయోగములో ఒక్క అంశమును మాత్రమే మార్చి తక్కినవానిని స్థిరముగా ఉంచు నియమము ఇక్కడను అదే.

అభిప్రాయము కోరువానికి కూడ విధులు కలవు. ప్రతిపాదనలో ఏమి చేయునో చెప్పినట్లే ఏమి చేయదో కూడ చెప్పవలెను. ఏ అంశమును ఇంకను మార్చవచ్చునో, ఏది నిశ్చయమైనదో తెలుపవలెను. ఒక సూచనను అంగీకరింపనిచో కారణము వ్రాయవలెను. అన్ని సూచనలను అంగీకరించిన సాధనము అందరికిని నచ్చునది కాదు. ఎవరికిని అర్థము కానిదగును.

తరగతిలో ఒక ప్రయోగము

కంప్యూటరు లేకయే ఈ విషయమును తరగతిలో చూపవచ్చును. ఒక విద్యార్థికి రిజిస్టరుగా ఒక కాగితమును, మరియొకనికి ప్రోగ్రెసు కార్డుగా ఒక కాగితమును ఇయ్యవలెను. మూడవ విద్యార్థి బంధనము. అతడు చేయవలసిన పనులకు అయిదారు నియమములను తరగతి ముందుగా వ్రాయవలెను. తక్కినవారు వంతులవారీగా రిజిస్టరులోగాని, కార్డులోగాని మార్పులు చేయుదురు. బంధనముగానున్న విద్యార్థి నియమములలో వ్రాసినంతవరకే చేయవలెను. తన తెలివిని ఉపయోగింపరాదు.

ఇద్దరు ఒకేసారి రెండు కాగితములలో వేర్వేరు అంకెలు వ్రాసినపుడు ఏది నిలువవలెను? బంధనము అటు తిరిగి యున్నపుడు మార్చినచో ఎట్లు తెలియును? అంకె చెరిపి ఖాళీగా విడిచినచో అది సున్నయా, పరీక్షకు రాలేదని అర్థమా? నియమములు వ్రాసినవారికి తోచని ఇట్టి ప్రశ్నలు ఇతరులు ఆడునపుడు వెంటనే పుట్టును. పిదప నియమములను దిద్ది, మరల ఆడవలెను. రెండు మూడు ఆవృత్తులలో నియమములు ఎంత మారినవో పోల్చి చూచినచో పదిమంది పరీక్ష విలువ పుస్తకము చెప్పకయే బోధపడును.

మార్పును కనిపెట్టు పనిని భాషలోనే చేర్చవలెనను ఆలోచన ఆబ్జెక్ట్.అబ్జర్వ్‌తో అంతరింపలేదు. సిగ్నల్స్ అను పేరుతో వేరొక ప్రతిపాదన 2024 ఏప్రిల్‌లో టీసీ39 పద్ధతిలో మొదటి దశను చేరినది. దానిని ముందుకు తెచ్చినవారు తొందరపడక, వేర్వేరు సాధనములతో కలిపి నమూనాలు నిర్మించి పరీక్షింపవలెనని ప్రోగ్రామర్లను కోరిరి. 2010లో ఒక ప్లగిన్‌కు పాటింపబడిన నియమమే ఇక్కడను పాటింపబడినది. రిజిస్టరును, కార్డును ఏకీభవింపచేయు ఉపాయము ఒక్కని మనస్సులో పుట్టవచ్చును. అది ఎక్కడెక్కడ తప్పునో చెప్పుటకు మాత్రము రిజిస్టర్లు గల అనేకులు కావలెను.